అంతేనా అన్న మాట

మా పక్కింటి సుధేష్ణ దేశం దాటి మా లిమరిక్‌కు వచ్చింది 2019 వేసవిలో. సిద్దిపేటలో ఆరేళ్లు బడి పంతులమ్మగా పనిచేసిన మనిషి. ఇక్కడ భర్త మహీధర్ పొద్దున్నే కారు తీసుకుని కంపెనీకి వెళితే సాయంత్రం దాకా ఆమెకు ఇల్లూ వానా తప్ప మరో తోడు లేదు. అప్పుడప్పుడు పెరటి గోడ దగ్గరకు వచ్చి నన్ను పలకరించేది.

"అంకుల్, గీ ఊర్లె మనుషులు బయటికి ఎప్పుడొస్తరు?"

"వాన తగ్గినప్పుడు."

"అయితే ఇగ రారన్నట్టే."

ఆమెను ఇంట్లోంచి కదిలించింది గ్రంథాలయం గోడకు అంటించిన ఒక కాగితం. ఊరికి ఉత్తరాన, పనులు దొరకని కుటుంబాలు ఎక్కువగా ఉండే పేటలో, బడి వదిలాక పిల్లల చేత హోంవర్క్ చేయించే క్లబ్ ఒకటి ఉంది. జీతం లేని పని. అయినా గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, మన పూర్వాపరాలన్నీ చూసి సరేననాలి. ఆ అనుమతి కాగితం రావడానికే రెండు నెలలు పట్టింది. నవంబరు నుంచి మంగళవారం, గురువారం రెండు బస్సులు మారి వెళ్లేది.

క్లబ్ నడిపే మరేడ్ ఆమెకు అప్పగించిన పిల్ల పేరు షానా. ఎనిమిదేళ్లది. తరగతిలో పైకి ఒక్క వాక్యం చదవదు. సుధేష్ణ ముందూ మొదటి వారమంతా పెదవి విప్పలేదు. రెండో వారం సుధేష్ణే ఒక బొమ్మల పుస్తకం తీసి చదువుతూ, మనందరం అన్నట్టే 'వెజిటేబుల్' అంది. పిల్ల పకపకా నవ్వింది. 'వెజ్‌టబుల్' అని దిద్దింది. ఆ తర్వాత ఈవిడ ఇంకెక్కడ తప్పుతుందా అని పుస్తకంలోకి తల దూర్చింది.

"నా ఇంగ్లీషు దానికి అలుసైంది అంకుల్. నన్ను దిద్దేటందుకే చదువుతున్నది" అని ఆ సాయంత్రం గోడ దగ్గర ఎంత మురిసిపోయిందో! క్రిస్మస్ నాటికి ఆ ఇద్దరూ పోట్లాడుకుంటూనే రెండు చిన్న పుస్తకాలు పూర్తి చేశారు.

మార్చిలో కరోనా వచ్చి బడులు మూశారు, క్లబ్బూ మూశారు. నాలాగా డెబ్బై దాటినవాళ్లను గడప దాటవద్దన్నారు. షానా వాళ్ల పేటలో చాలా ఇళ్లలో కంప్యూటర్లు లేవు. అందుకని మరేడ్ ఒక పద్ధతి పెట్టింది. పుస్తకాలు పోస్టులో పంపుతుంది. సాయంత్రం నాలుగింటికి వాలంటీర్లు తల్లి ఫోనుకే చెయ్యాలి. తల్లి అక్కడే ఉండాలి, మాటలు ఆమెకు వినపడేలా స్పీకరు పెట్టాలి. పిల్ల ఏ పేజీ చదివిందో, ఏ మాట దగ్గర ఆగిందో వాలంటీరు ఒక నోటుబుక్కులో రాయాలి.

సుధేష్ణ ఏప్రిల్‌లో ఫోన్లు మొదలుపెట్టింది. పిల్ల గొంతు వినపడగానే ఆమె నోటికి వచ్చే మొదటి మాట ఒకటే: "ఏం తిన్నావు?"

"టోస్ట్."

"అంతేనా?"

మరో రోజు పాలలో వేసుకునే సీరియల్. అంతేనా? మరో రోజు చిప్స్ పొట్లం. అయ్యో, అంతేనా? ఆ తర్వాత చదువు. చదువు బాగానే సాగింది. ఒకసారి షానా, "ఆ గీరుతున్న చప్పుడేంటి?" అని అడిగితే, "రాసుకుంటున్నాను" అని సుధేష్ణ చెప్పింది కూడా.

నాలుగో వారం మంగళవారం ఫోను ఎవరూ ఎత్తలేదు. గురువారం కూడా ఎత్తలేదు. శుక్రవారం మరేడ్ చేసింది. షానా తల్లి డెనీస్ ఇక వద్దంటోందట. "మా పిల్ల ఏం తింటోందో ప్రతిసారీ అడిగి రాసుకుంటోంది. ఎవరికి పంపిస్తోంది?" అని అడిగిందట. షానా అన్నను ఒకప్పుడు పిల్లల సంరక్షణ అధికారులు తీసుకెళ్లి ఏడు నెలలు వేరే ఇంట్లో ఉంచారు. అప్పుడూ ఒకావిడ ఎంతో మర్యాదగా ఇంటికి వచ్చి, ఇలాగే అడిగి, రాసుకుని వెళ్లిందట.

ఆ రోజు సుధేష్ణ గోడకు అవతలే దూరంగా నిలబడి మాట్లాడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మనం బస్సుల పక్కన కూసున్నోళ్లను గూడ అడుగుతం గద అంకుల్, తిన్నరా అని! దానికి గింత అర్థముంటదా?"

ఆ నెలల్లో ఇంటి నుంచే పనిచేస్తున్న మహీధర్ లోపలి నుంచి తొంగి చూశాడు. "ఊర్లున్నోళ్లందరి తిండీ నీకే కావాలె. రెండయితున్నది, నన్ను మాత్రం అడగవు."

"కుక్కర్ల ఉన్నది, పెట్టుకోరాదు! చేతులు లేవా?"

అతను నవ్వి వెళ్లిపోయాడు. ఆమె నవ్వలేదు. ఇప్పుడు మానేస్తే ఆ పిల్ల మళ్లీ నోరు మూసుకుంటుందని ఆమె భయం. డెనీస్‌తో ఒక్కసారి మాట్లాడనివ్వమని మరేడ్‌ను అడిగింది. మరేడ్ రెండు రోజులు ఆలోచించి, తనూ వింటూ ఉండేలా ఫోను కలిపింది.

చెప్పవలసినదంతా సుధేష్ణ ముందే కాగితం మీద రాసుకుంది. "మా దగ్గర ఎవరు కనపడ్డా తిన్నావా అని అడుగుతాం. మీరు ఎలా ఉన్నావంటారే, అలాగన్నమాట. జవాబు కోసం అడగం" అంది.

డెనీస్ అంది: "జవాబు అక్కర్లేనిదానివి, మరి అంతేనా అని ఎందుకన్నావు?"

సుధేష్ణ రాసుకున్న కాగితాన్ని బల్ల మీద పెట్టేసింది.

"తిన్నావా అన్నది మా అలవాటు. అంతేనా అన్నది నాది. ఇంట్లో సరిగా పెట్టడం లేదేమో అనుకున్నాను. మిమ్మల్ని చూడకుండానే అనుకున్నాను. అది తప్పు, క్షమించండి."

"నాలుగింటికి అడిగితే ఎవరి పిల్లయినా టోస్టే అంటుంది. మా ఇంట్లో వంట ఆరింటికి. రోజూ వండుతాను" అని డెనీస్ ఆగింది. "రోజూ" అని మళ్లీ అంది. "ఆ పుస్తకంలో ఏముంది?"

"చదివిన పేజీలు, ఆగిన మాటలు. మీకే పంపిస్తాను. కాపీ కాదు, ఆ పుస్తకమే."

"పంపు" అని పెట్టేసింది.

మర్నాడే సుధేష్ణ నోటుబుక్కును కవరులో పెట్టి పోస్టు చేసింది. తర్వాత ఒక మంగళవారం గడిచింది, ఒక గురువారం గడిచింది. నాలుగవుతుంటే ఆమె పెరట్లోకి వచ్చి, ఆరిన బట్టల్నే మళ్లీ దులిపి ఆరేస్తూ ఉండేది.

శనివారం మరేడ్ మళ్లీ కలిపింది. ఈసారి డెనీస్ నేరుగా విషయంలోకి వచ్చింది.

"నీ రాత కోడి కెలికినట్టుంది. నాకూ చదువు అంతంతమాత్రం. షానా చేతే చదివించాను. మొదటి పేజీ నుంచి చివరిదాకా తనే చదివింది. ఎక్కడా ఆగలేదు."

సుధేష్ణ ఫోనును చెవికి ఇంకా దగ్గరగా పట్టుకుంది.

"కానీ 'ఎనఫ్' అన్న మాట దగ్గర నాలుగుసార్లు ఆగిందని రాశావట. రెండేసార్లని గొడవ చేస్తోంది."

"రెండే అయ్యుంటుంది. నేనే తప్పు రాసుంటాను."

"పెన్సిల్‌తో కొట్టేసింది కూడా. సరే, మంగళవారం చెయ్యి. నేను పక్కనే కూర్చుంటాను. నాకూ వినాలని ఉంది."

మంగళవారం మూడూ యాభై నుంచే సుధేష్ణ ఫోను ముందు పెట్టుకుని కూర్చుందట. నాలుగు కాగానే చేసింది. అవతల ఎత్తారు. అలవాటైన మాట నాలుక చివరిదాకా వస్తే పళ్లు బిగించింది. దాని బదులు ఇంకో మాట వెతుక్కుంటూ ఉండగానే అవతల కుర్చీలు జరుపుకుంటున్న చప్పుడు వినిపించింది. షానా పేజీ నంబరు చెప్పి చదవడం మొదలుపెట్టేసింది.