గంజి పడుగు పక్కన హల్కొమేలెం

మా నాన్న లుంగీల పడుగునూ నా పరువునూ ఒకే పొద్దున నేను దాదాపు గంజిలో కలిపేసిన సంగతి చెబుతాను. నవ్వుకోండి గానీ, మా నాన్న ముందు మాత్రం ఈ మాట ఎత్తకండి.

అప్పుడు తమిళనాడులోని వేలూరులో భాషాశాస్త్రం చదువుతున్నాను. ఆ వారం మాకిచ్చింది కెనడాలోని హల్కొమేలెం, సేలిష్ భాషల్లో ఒకటి. పుట్టినప్పటి నుంచి దాన్ని మాట్లాడినవాళ్ళు బహు కొద్దిమందే మిగిలారట. అందులో కొన్ని హల్లుల్ని గొంతు బిగించి, నోట్లో ఉన్న గాలితోనే 'టక్'మని పేల్చాలి. తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాని ఇంట్లో పుట్టి, ఆ భాషను నేనే బతికించేస్తానని నా పొగరు! ఆ శబ్దాలు రికార్డు చేసి పొద్దున్నే మా పాఠం మేడమ్‌కి పంపాలి, లేదంటే సున్నా.

సరిగ్గా ఆ పొద్దునే మా ఊరు గుడియాత్తంలో వీధి పొడవునా పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, సాచి గంజి పట్టిస్తున్నారు. తడి ఆరేలోగా పోగులు విడివిడిగా ఉండేలా వాటి మీద పెద్ద కుంచె లాగెయ్యాలి. ఆరిందా, పోగులన్నీ అట్టకట్టి మా నెల తిండి పోయినట్టే. నాది గంజి బకెట్టు మోసే పని. ఫోనులో రికార్డింగు పెట్టి చున్నీలో దాచి, వాళ్ళ వెనకాల మెల్లిగా ఒక 'టక్' పేల్చాను.

"పోగు తెగినాది! నిలపండప్పా!" నాన్న అరిచాడు.

అందరూ వంగి వెతికారు. ఏమీ లేదు. మళ్ళీ కుంచె లాగారు, మళ్ళీ పేల్చాను.

"ఇంగోటి! యాడో ఉండాది, సీక్రం చూడండి!"

"యాడా లేదు గదన్నా," అన్నాడు చిన్నాయన.

ఎండ వీధిలోకి దిగింది. నాన్న పడుగును తడిమి చూశాడు, ముఖం పాలిపోయింది. "ఆరిపోతా ఉండాది. నా చెవే పోయినాదేమో రా తమ్ముడా" అన్నాడు.

ఆయన విన్నది నా 'టక్'నేనని అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు.

"నాయనా... అది నేనే. చదువు కోసరం," అని ఒకటి పేల్చి చూపించాను.

చిన్నాయన కుంచె ఎత్తాడు. "మా కొంప ముంచే దానికా నిన్ను చదివించింది?"

"నోరు ముయ్యి మే! ఇంగ తెరిచినావంటే చూడు!" అని నాన్న పరుగులాంటి నడకతో కుంచె లాగసాగాడు.

నేను పెదాలు కుట్టేసుకున్నట్టు నిలబడ్డాను. 'టక్'!

అందరూ నా వైపే తిరిగారు.

"నేను కాదు నాయనా, ఒట్టు!"

నమ్మితే కదా! నేనే వంగి, కిందికి వేలాడుతున్న పోగును చూపించాను. నాన్న గబగబా ముడేసి, గంజి ఆరకముందే పడుగును గట్టెక్కించాడు.

ఆ హడావిడిలో రికార్డింగు కత్తిరించకుండా, ఉన్నదున్నట్టు పంపేశాను. మధ్యాహ్నం మేడమ్ ఫోను చేసింది.

"మొదట్లోవన్నీ దగ్గులాగా ఉన్నాయమ్మా. వెనక ఎవరో అరుస్తున్నారు కూడా. చివరిది మాత్రం అద్భుతం! అచ్చం అక్కడివాళ్ళలాగే పలికావు."

చివరిది తెగిన పోగు.

ఆ రోజే గంజి బకెట్టు మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: పడుగు సాచిన వీధిలో ఈ జన్మకు మళ్ళీ నోరు పేల్చను. పోగుకొచ్చిన మార్కులు మాత్రం నేనే ఉంచుకున్నాను.