మెడ మీద గీత

సెలూన్‌లో అతన్ని అందరూ గీత మాస్టారు అంటారు. కత్తెర ఎవరైనా ఆడిస్తారు. మెడ వెనక జుట్టు ఆగే చోట దారం పట్టినట్టు కత్తితో గీత తీయడం మాత్రం అతని సొత్తు. ముప్పై ఏళ్లుగా ఆ గీత మీదే బతుకు, ఆ గీత మీదే పొగరు.

బస్సు నడిపే తమ్ముడి మెడ మీదైతే మరీ ముచ్చటపడి తీసేవాడు. ఐదేళ్ల క్రితం సరిగ్గా అక్కడే చిన్న చిన్న కురుపులు లేచాయి. పోతాయిలే అనుకుంటే గట్టిపడి, బఠాణీ గింజల్లా ఒకదానికొకటి అతుక్కున్నాయి. వాటి మీద జుట్టు మొలవడం మానేసింది. మాస్టారు ఊరుకునే రకమా? ప్రతి ఆదివారం తమ్ముణ్ణి కుర్చీలో కూలేసి, కొత్త బ్లేడు వేసి, ఇంకాస్త లోతుగా గీకి, పటిక రుద్దేవాడు. నెత్తురు చిమ్మితే "చెడు రక్తంరా, పోనీ" అనేవాడు. తమ్ముడు కిక్కురుమనేవాడు కాదు.

ఈసారి చీము పట్టి, మెడ తిప్పలేక డ్యూటీ మధ్యలోనే బస్సు దిగిపోయాడు. మాస్టారు వెంటనే దగ్గర్లోని చర్మం డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాడు. ఆవిడ వద్దు, ఇంకెక్కడికైనా పోదామని తమ్ముడు గొణిగినా వినలేదు.

ఆవిడ లైటు వేసి చూసింది. "ఇక్కడ కత్తి పెడుతున్నది ఎవరు?"

"నేనేనండీ," అన్నాడు మాస్టారు, మెచ్చుకుంటుందేమోనని.

"నున్నగా గీకిన వెంట్రుక వంకర తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. అది వాచి మచ్చ కడుతోంది. మీరు మళ్లీ దాన్నే గీకుతున్నారు. మాత్రలిస్తాను, గడ్డల్లోకి ఇంజెక్షన్లు చేస్తాను, కాస్త అణుగుతాయి. పోయిన జుట్టు మాత్రం రాదు." తమ్ముడి వైపు తిరిగి విసుక్కుంది. "కత్తి మానెయ్యమని రెండేళ్ల క్రితమే చెప్పాను కదయ్యా!"

మాస్టారి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. అంటే వీడికి తెలుసు. తెలిసి తెలిసి వంద ఆదివారాలు తన ముందు మెడ వంచాడు.

బయటికొచ్చాక మెట్ల మీద కూలబడ్డాడు. "ఎందుకు చెప్పలేదురా?"

"చెబితే నువ్వింకెవరి మెడ మీదా కత్తి పెట్టలేవు. నీ సంగతి నాకు తెలీదా అన్నయ్యా?"

మాస్టారికి ఏడుపు తన్నుకొచ్చింది. తమ్ముడు మందుల చీటీ అతని చేతిలో పెట్టాడు.

"లే. రేపు ఇంజెక్షన్‌కి నువ్వే తోడు రావాలి. నాకు సూదంటే భయం."