ఇరవై రెండు నిమిషాల దారి

ఆఫీసులో అందరూ ఆమెను బల్లి అనేవారు. కోపంతో కాదు, ఆమె చేసే పని అలాంటిది. కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఆ ఆఫీసులో, ఆటలోని ప్రతి గోడకూ బొమ్మ మనిషిని ఆనించి తోసి, ఎక్కడైనా సందులోంచి అవతలికి జారిపడతాడేమో చూడటం ఆమె ఉద్యోగం. ఆరేళ్లుగా గోడలు తడుముతోంది. పైగా నోట్లో నాలుక లేని మనిషి. ఎప్పుడైనా ఒక మాట అంటే చాలు, "బల్లి పలికిందిరోయ్, ఇక సత్యమే!" అని తూటా కేకపెట్టేవాడు. ఆటలో కొట్లాటలన్నీ తయారుచేసేది అతనే. గొంతు కూడా అలాగే పేలుతుంది కాబట్టి ఆ పేరు.

ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ పక్షవాతంతో మంచాన పడింది. అక్కకు అప్పటికే పెళ్లయిపోయింది. బడి మానేసి నాలుగేళ్లు అమ్మకు కాలూ చెయ్యీ తానే అయింది. అమ్మకు మాట పడిపోవడంతో, ఏం కావాలో ఆవిడ వేళ్లను చూసి తెలుసుకోవడం నేర్చుకుంది. వేళ్లు దుప్పటి అంచును నలుపుతుంటే దాహం. అంచును వదిలేసి ఊరికే పడి ఉంటే విసుగు. అప్పుడు మంచాన్ని కిటికీవైపు తిప్పేది.

అమ్మ పోయాక బావ తన ఆఫీసులోనే పని ఇప్పించాడు. కీబోర్డుల్లో దుమ్ము ఊదడం, మౌసులు తుడవడం. ఒకరోజు అలా తుడుస్తుండగా మౌసు కదిలి, తెరమీది మనిషి గోడలోకి దూరి పాతాళానికి జారిపోయాడు. ముగ్గురు మనుషులు నెలరోజులుగా వెతుకుతున్న సందు అది. మర్నాటి నుంచి ఆమెకూ ఒక కుర్చీ వచ్చింది.

"మా మరదలు," అని బావ ఆరోజు ప్రతి బల్ల దగ్గరికీ వెళ్లి చెప్పుకున్నాడు.

ఇప్పుడు చేస్తున్న ఆటలో లోకమంతా కాలిపోయి ఉంటుంది. మిగిలినవాళ్లు తుపాకులు పట్టుకుని ముఠాలు కట్టారు. పన్నెండు ముఠాలు, పన్నెండు శిబిరాలు. ఒక్కో శిబిరంలో తూటా పెట్టిన కొట్లాట పది నిమిషాలు ఊపిరాడనివ్వదు. శత్రువులు ఎదురుగా వచ్చి చచ్చే రకం కాదు. ఒకడు ముందు నుంచి కాల్చి మనల్ని కదలనివ్వడు, ఇద్దరు పక్కనుంచి పాక్కుంటూ వస్తారు. తూటాలు అయిపోయిన క్షణం వాళ్లకు తెలిసిపోతుంది. బల్లి కూడా ఆడుతున్నప్పుడు భుజాలు బిగించేది.

శిబిరాల మధ్య నేలంతా బావది. రెండేళ్లు కష్టపడి చేశాడు. బూడిద మైదానాలు, ఎండిన కాలువలు, తుప్పు పట్టిన నీళ్ల ట్యాంకులు. తెర మీద పైనుంచి చూస్తే గద్ద కళ్లకు కనిపించినంత అందంగా ఉండేది. బావ ఎప్పుడూ పైనుంచే చూసేవాడు.

నిజానికి ఆ నేల మీద నడిచిన మనిషి ఆఫీసులో ఒక్కరూ లేరు. ఎఫ్ నైన్ బటన్ నొక్కితే ఆటగాడు ఒక శిబిరం నుంచి ఎకాయెకి ఇంకో శిబిరానికి వెళ్లిపోతాడు. పని త్వరగా తెమలడానికి మొదట్లో పెట్టుకున్న ఏర్పాటు అది. పోనుపోను అందరికీ అదే దారి అయిపోయింది. గోడలు తడమాలి కాబట్టి బల్లి ఒక్కతే అంతా నడిచింది.

వారానికోసారి బయటివాళ్లను పిలిచి ఆట ఆడించేవారు. వాళ్ల వెనక కూర్చుని, ఏ గోడలో ఇరుక్కుంటారో రాసుకోవడం ఆమె వంతు. ఆమె చూపు మాత్రం తెర మీద కన్నా చేతుల మీదే ఉండేది. కొట్లాటలో మౌసును నలిపేసేంత గట్టిగా పట్టుకున్న చెయ్యి, మైదానంలోకి వచ్చాక సడలేది. మూడో ట్యాంకు దాటగానే వదిలేసేది. జేబులోని ఫోను తీసుకునేది. అలా వదిలిన చోటల్లా ఆ నేల పటం మీద పెన్సిలుతో గీత పెట్టుకుంది. నలభై గీతలు. వెళ్తూ వాళ్లు కాగితం మీద రాసేది మాత్రం ఒక్కటే: కొట్లాట అదిరిపోయింది.

ఒకసారి బావతో చెప్పబోయింది. "నీకు గోడలు తప్ప ఏం తెలుసే పిల్లా?" అని నవ్వి నెత్తిన మొట్టాడు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ రోజు పదకొండింటికి ఆటను అమ్మిపెట్టే సంస్థ నుంచి మనిషి వస్తున్నారు. ఊ అంటే ఆట బయటికి వస్తుంది, ఉహూ అంటే ఆఫీసుకు తాళం. పొద్దున్నుంచీ పెద్దసారు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. బల్లిని పక్కకు పిలిచాడు.

"అమ్మాయ్, ఆవిడ పక్కన నువ్వే కూర్చో. ఒక ముఠా అయిపోగానే ఎఫ్ నైన్ నొక్కేయ్. అందరూ మెచ్చేది కొట్లాటనే, మధ్యలో ఒక్క అడుగు వెయ్యనివ్వకు. సమయం వృథా కాకుండా అని చెబుదాం."

"సరే సార్."

బావ ఆమె కుర్చీ సర్దుతూ మెల్లగా అన్నాడు. "నేల చూపించకపోవడమేంటో నాకర్థం కాలా. రెండేళ్ల పని! సరే, ఇవాళ నా పరువు నీ వేలి కింద ఉంది మరదలా."

వచ్చినావిడ పొట్టిగా, మందపాటి కళ్లద్దాలతో, బ్యాంకులో గుమస్తాలా ఉంది. టీ వద్దంది. బావ కంప్యూటర్ ముందు కూర్చుంది. మొదటి శిబిరంలో రెండుసార్లు చచ్చింది. మూడోసారి పెదవి కొరుక్కుంటూ గెలిచి, "అబ్బ! ఎవరయ్యా ఇది చేసింది?" అని వెనక్కి తిరిగింది. తూటా కొత్త పెళ్లికొడుకులా తల వంచాడు. బల్లి వేలు ఎఫ్ నైన్ మీద పడింది. రెండో శిబిరం. మళ్లీ వేలు. మూడోది.

నాలుగోసారి వేలు కదలబోతుంటే ఆవిడ కళ్లద్దాలు కీబోర్డు మీదికి దిగాయి.

"ఈ బటన్ మీద అక్షరాలేవీ?"

ఆవిడ లేచి పక్క బల్ల చూసింది. అక్కడా ఎఫ్ నైన్ అరిగి నున్నగా మెరుస్తోంది. తూటా బల్ల మీది బటన్‌కైతే గుంట పడింది. గది మూలన ఉన్న ఒక్క కీబోర్డు మీదే ఆ అక్షరాలు కొత్తవాటిలా ఉన్నాయి.

"ఇదెవరిది?"

"నాదండీ," అంది బల్లి.

"అందరూ అరగదీసిన బటన్ నువ్వెందుకు ముట్టుకోలేదు?"

పెద్దసారు నీళ్లు నమిలాడు. "అదేం లేదండీ, పరీక్షల కోసం పెట్టుకున్న చిన్న..."

"ఆ అమ్మాయిని అడిగాను."

బల్లి బావ వైపు చూసింది. అతను కళ్లతోనే వద్దంటున్నాడు. తనకు కుర్చీ ఇప్పించిన మనిషి. ఇంటికి వెళ్తే అక్క ఎదురుగా నిలబడాలి. సరే, అబద్ధమాడిందే అనుకుందాం. ఈ నేల ఇలాగే బయటికి వెళ్తే, మూడో ట్యాంకు దగ్గర లక్షమంది చేతులు వదిలేస్తారు. అప్పుడు పేరు పోయేది బావదే.

"నేను నడుస్తానండీ. గోడలు చూడాలి కదా."

"ఇక్కణ్ణుంచి తర్వాతి శిబిరానికి నడిస్తే ఎంతసేపు?"

"ఇరవై రెండు నిమిషాలు."

తూటా దగ్గు మింగాడు.

"దారిలో ఏముంది?"

"మూడు కాలిపోయిన బస్సులు. ఒక ట్యాంకు." వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. "మళ్లీ అవే మూడు బస్సులు. అదే ట్యాంకు."

ఆవిడ తిరిగి కూర్చుని నడవడం మొదలుపెట్టింది. బూడిద, బస్సులు, ట్యాంకు. ఐదు నిమిషాలు. మళ్లీ బస్సులు. బావ గోడకు ఆనుకుని తన నేలను తొలిసారి కింద నుంచి చూస్తున్నాడు. తొమ్మిదో నిమిషంలో మూడో ట్యాంకు వెనక్కి వెళ్లింది. ఆవిడ చెయ్యి మౌసు వదిలి కళ్లద్దాలు తుడుచుకోవడానికి లేచింది. బల్లి పెన్సిలు అలవాటుగా కదిలింది.

"ఏం రాస్తున్నావమ్మా?"

ఇక దాచేదేముంది? పటం తీసి బల్ల మీద పరిచింది. మూడో ట్యాంకు చుట్టూ గీతలు చీమల బారులా ఉన్నాయి.

"చెయ్యి వదిలిన చోట్లండీ. మీది నలభై ఒకటో గీత."

ఆవిడ ఆ పటాన్ని చాలాసేపు చూసింది. "మరైతే ఏం చేద్దామంటావ్?"

"ఒక శిబిరం పొగ కనబడుతుండగానే ఇంకో శిబిరం తుపాకుల చప్పుడు వినబడాలండీ. అంత దగ్గరికి జరపాలి. మధ్యలో మిగిలింది..." అంటూ గోడవైపు చూసింది. బావ అప్పటికే గదిలో లేడు.

ఆవిడ ఊ అనలేదు, ఉహూ అనలేదు. "కొట్లాటను ముట్టుకోకండి. నేలను మూడోవంతు చెయ్యండి. నాలుగు నెలల తర్వాత వస్తాను. అప్పుడు ఆ బటన్ ఉండకూడదు," అని వెళ్లిపోయింది. పెద్దసారు కుర్చీలో కూలబడి, "తాళమైతే పడలా," అన్నాడు ఎవరితోనో.

సాయంత్రం ఎప్పటిలాగే బావ స్కూటరు వెనక కూర్చుంది. రోజూ గతుకు వస్తే "పట్టుకో" అనేవాడు. ఆరోజు గతుకులన్నీ ఆమె ఒంటికే తగిలాయి. ఇంట్లో అక్క ఇద్దరి మొహాలూ చూసి, "ఏమైందే?" అంది. బావ బూట్లు విప్పుతూ, "మీ చెల్లెలు పలికింది," అని లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆమె లేచేసరికి స్కూటరు లేదు. బస్సు పట్టుకుని, నిలబడి వెళ్లింది. ఉద్యోగం వదిలేస్తానని ముందే చెప్పేస్తే బావకు ఆమె మొహం చూసే బాధ తప్పుతుంది. దారి పొడుగునా ఆ మాటనే కూడగట్టుకుంది.

ఆఫీసులో కీబోర్డులన్నీ ముందుపన్ను ఊడిన నోళ్లలా ఉన్నాయి. ఊడబెరికిన ఎఫ్ నైన్ బటన్లు టీ కప్పులో పోసి ఉన్నాయి. పక్కన స్క్రూడ్రైవరు. బావ తన తెర ముందు ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు. బూడిద నేల మీద మనిషి నడుస్తున్నాడు.

"బావా..."

"ఉండు. ఎనిమిది నిమిషాలైంది." తల తిప్పలేదు. "ఇంకా ఎంతసేపే?"

"పద్నాలుగు."

"ఇంకానా! ఎవడు కట్టాడే బాబూ ఈ నేల?"

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కూడగట్టుకున్న మాట వదిలేసి పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. మూడో ట్యాంకు వచ్చింది, పోయింది. బావ చెయ్యి మౌసు వదిలి మెడ రుద్దుకుంది.



"గీశావా?" అన్నాడు బావ.

"గీశాను బావా. నలభై రెండు."

"సరే, ఆ పటం ఇలా తే. ఎక్కణ్ణుంచి కొయ్యాలో చూపించు."