వదిన మోసిన వంతు

తడిపిన తునికాకు వాసన ఎక్కడ తగిలినా నా కాళ్లు ఆగిపోతాయి. కామారెడ్డిలో మేముండే వీధి చివర ఒక ముసలవ్వ ఇంకా బీడీలు చుడుతుంది. సాయంత్రం బడి నుంచి వస్తూ ఏదో వంక పెట్టుకుని ఆమె అరుగు దగ్గర నిలబడతాను. "ఏం టీచరమ్మా, ఓ బీడి గావాల్నా?" అని ఆమె ఎగతాళి చేస్తుంది. నాకు కావలసింది బీడీ కాదు. చాట ఒళ్లో పెట్టుకుని, ఒక కాలు చాపుకుని, పళ్లతో దారం తెంపుతూ పకపకా నవ్వే మా వదిన కావాలి. ఆమెను చూసి ఇరవై ఏళ్లు దాటింది.

సొంత వదిన కాదు. గాంధారి వైపున్న మా ఊళ్లో పక్కింటి కోడలు. ఆమె భర్తను నేను అన్నా అని పిలిచేదాన్ని కాబట్టి ఆమె నాకు వదినయింది. పిట్లం అవతల నుంచి వచ్చిన మనిషి. కోపమొస్తే మరాఠీలో తిట్టేది. అందుకని ఆమె తిట్లు మాలో ఎవరికీ తగిలేవి కావు. నా జడ ఆమే వేసేది, బిగించి లాగుతూ, "నీ మొగడు ఈ జడ వట్టుకునే ఉరుకుతడు సూడు" అనేది. నేను ఇంటరు పాసయి ఇంట్లో కూర్చున్నాను. బాపు ఇక చదువు చాలన్నాడు. బీడీలు చుట్టడం, సంబంధాలు చూడటానికి వచ్చిన వాళ్లకు చాయ్ ఇవ్వడం, ఇవే నా పనులు.

మా వాడకట్టులో అయిదుగురం కలిసి బీడీలు చుట్టేవాళ్లం. చుట్టినవి పక్క ఊరి కార్ఖానాకు మోసుకుపోయి లెక్క అప్పజెప్పి, మళ్లీ ఆకు, తంబాకు తెచ్చుకోవాలి. రోజూ అయిదుగురమూ నడిస్తే పని పాడవుతుందని వంతులు పెట్టుకున్నాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక్కో రోజు ఒకామె అయిదుగురి బీడీలూ గంపలో పెట్టుకుని పోయేది. వంతు మాటంటే మాకు మాటే. జ్వరమొచ్చినా, ఇంటికి చుట్టాలొచ్చినా వంతు తప్పించేవాళ్లం కాదు. నలుగురి కూలి ఒకామె నెత్తి మీద ఉంటుంది కదా.

ఒక బుధవారం నా వంతు. అదే రోజు కామారెడ్డిలో దూరవిద్య డిగ్రీ ఫారం ఇవ్వడానికి ఆఖరు. ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఫారం నింపి, బియ్యం డబ్బాలో దాచాను. పొద్దున్నే వదిన దగ్గరికి పోయి, చేతులు పట్టుకుని అడిగాను.

"నా వంతు నువ్వు వోతవా వదినె? ఎవ్వలకు చెప్పకు. బాపుకు తెలిస్తే చంపుతడు."

"పో పిల్లా. గా ఫారం ముట్టజెప్పిరా. నీ గంప నేను మోస్త," అంది. నా కొంగు సరిచేసి, బస్సు ఖర్చుకు ఉన్నాయా అని కూడా అడిగింది.

నేను సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి వదిన వాకిట్లో జనం. కార్ఖానాలో మా బీడీలు ఏరి, బాగాలేనివి పక్కన పడేసే మనిషి ఒకడుండేవాడు. వదిన తిరిగి వస్తుంటే మక్క చేను పక్కన దారి కాసి, ఆమెను చేలోకి గుంజాడు. ఆమె గంపతో వాడి మొహాన కొట్టి, రైక చినిగి, చేతులు గీరుకుపోయి, ఉరికివచ్చింది. గడప మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. మా వాడకట్టు పెద్దమ్మ ఒకామె అడిగిన మొదటి మాట, "ఎవ్వలు లేని తొవ్వలెందుకు వచ్చినవే, రోడ్డు లేదా?" అని. రెండో ఆమె, "ముందుగాల్నించే వానితోని నవ్వుకుంట మాట్లాడేది" అంది. వదిన అందరితోనూ నవ్వుతూనే మాట్లాడేది. బర్రెతో కూడా నవ్వుతూనే మాట్లాడేది.

తరవాత కోర్టులో వకీలు అడిగిన ప్రశ్నలన్నీ ఆ సాయంత్రమే మేము అడిగేశాం. అతను ఫీజు తీసుకుని అడిగాడు, మేము ఊరికే అడిగాం. తేడా అంతే.

మర్నాడు అన్నను వెంటబెట్టుకుని వదిన పోలీసు స్టేషనుకు పోయి ఫిర్యాదు ఇచ్చింది. అప్పట్లో మా వైపు అలా పోయిన మనిషి ఆమె ఒక్కతే. ఇంటికొచ్చాక బోరింగు దగ్గర నన్ను పిలిచి, బిందె నిండుతుంటే మెల్లగా చెప్పింది. "నీ పేరు రాలే. వంతు ఎవరిదని అడిగిన్రు. నాదే అన్న. నువ్వు బుగులువడకు."

నేను భయపడలేదు. నిజం రాస్తున్నాను, నాకు హాయిగా అనిపించింది. అందులో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ మనిషి అంతకుముందు రెండుసార్లు బీడీలు అందుకుంటూ నా వేళ్లు పట్టుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. బుధవారం నా వంతని వాడికి తెలుసు. వాడు ఆ చేను దగ్గర నిలబడింది ఎవరికోసమో నేను ఆ బోరింగు దగ్గరే గ్రహించాను. గ్రహించి బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చాను.

కేసు విచారణకు రావడానికి మూడేళ్లు పట్టింది. అప్పటికి నాకు పెళ్లయి ఎల్లారెడ్డి వచ్చేశాను. వదినకు తోడుగా ఉంటానని మా అత్తగారికి చెప్పి, మా ఆయనను వెంటబెట్టుకుని కోర్టుకు పోయాను. ఏ కోర్టో రాయను. రాస్తే ఆ ఒక్క కోర్టులోనే అలా జరిగిందనుకుంటారు.

వదిన ఆకుపచ్చ చీర కట్టుకుని బోనులో నిలబడింది. వాడి తరఫు వకీలు మర్యాదగానే మొదలుపెట్టాడు. ఆ దారిన జనం తక్కువ కదా అన్నాడు. అవునంది. రోడ్డు మీద రావచ్చు కదా అన్నాడు. దూరమవుతుందంది. అతనితో నవ్వుతూ మాట్లాడేదానివి కదా అన్నాడు. నవ్వడం తప్పని ఆ సాయంత్రం దాకా వదినకు ఎవరూ చెప్పలేదు. అప్పుడతను అసలు ప్రశ్న తీశాడు.

"ఆ రోజు వంతు నీది కాదు కదా?"

"నాదే."

"నీది కాదు. నీ వంతు సోమవారం. నీ వంతు కాని రోజు అక్కడికి ఎందుకు పోయినవ్?"

వదిన బోను కర్రను పట్టుకుంది. నేను మూడో బెంచీలో ఉన్నాను. ఆమె నా వైపు చూడలేదు. చూస్తే నా పేరు బయటపడుతుందని చూడలేదు. "నా వంతే" అంది మళ్లీ. తరవాత మా అయిదుగురిలో ఒకామెను సాక్షిగా పిలిచి బుధవారం వంతు ఈమెదేనా అని అడిగారు. ఆమె కాదంది. కోర్టులో అబద్ధం చెప్పకూడదని ఆమెకు భయం. ఎవరిదని వకీలు అడగలేదు. ఆయనకు ఆ మాత్రం చాలు. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు.

మధ్యాహ్నం సర్కారు వకీలు వరండాలోకి వచ్చాడు. పాపం, చెమటలు తుడుచుకుంటూ మా అందరినీ అడిగాడు. "ఆమె ఆ రోజు ఎందుకు పోయిందో మీల ఎవరికన్న తెలుసా? తెలిస్తే ఇప్పుడే చెప్పండమ్మా. లేకుంటే కేసు నిలవదు."

సాక్ష్యం చెప్పి వచ్చిన ఆమె నా మొహంలోకి చూసింది. మా ఆయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. నేను చెబితే ఏమవుతుందో లెక్కలేసుకున్నాను. ఇంట్లో దాచి ఊరు దాటింది అంటారు. అంతకన్నా, వాడు ఈమె కోసమే నిలబడ్డాడట అంటారు. ఊరికే ఎందుకు నిలబడతాడు అంటారు. ఆ మాటలు నాకు ముందే తెలుసు, వదిన వాకిట్లో విన్నవే. కొంగు భుజం చుట్టూ కప్పుకుని వరండా బయట ఆపి ఉన్న స్కూటర్ల వైపు చూస్తూ నిలబడ్డాను. సర్కారు వకీలు కాసేపు చూసి లోపలికి పోయాడు.

కేసు కొట్టేశారు. ఆమె మాట నమ్మదగినది కాదన్నారు. మెట్లు దిగుతూ అన్న ఆమెను ఒక్క మాట అడగడం విన్నాను. "ఎందుకు వోయినవే ఆ దినం?" వదిన తల వంచుకుంది. అన్న ముందు నడిచాడు. వదిన పది అడుగులు వెనక నడిచింది. అంతకుముందు వాళ్లిద్దరూ ఎప్పుడూ పక్కపక్కన నడిచేవాళ్లు, ఊరంతా నవ్వేది.

ఆ ఏడే వాళ్లు భీవండి పోయారు, మరమగ్గాల పనికి. నేనప్పుడు ఎల్లారెడ్డిలో ఉన్నాను. పోయేముందు నన్ను చూడటానికి వస్తుందనుకున్నాను. రాలేదు. నేనూ పోలేదు. నా ఫారం మాత్రం ఊరికే పోలేదు. దానితో డిగ్రీ అయింది, డిగ్రీతో టీచరు ఉద్యోగమయింది. ఏటా కొత్త తరగతికి పోయి "నిజం చెప్పాలి పిల్లలూ" అని బోర్డు మీద రాస్తుంటాను. సుద్దముక్క నా చేతిలో విరగకపోవడం దాని మంచితనం.

వదిన కోసం ఎంత బెంగపడ్డానో ఎవరికి చెప్పను? పెళ్లిళ్లలో ఎవరైనా ఆకుపచ్చ చీరలో వెనక్కి తిరిగి ఉంటే దగ్గరికి పోయి చూసేదాన్ని. అద్దం ముందు నా జడ నేనే వేసుకుంటూ ఇంకొంచెం బిగించి లాగేదాన్ని. ఆమె లాగినట్టు ఉండేది కాదు.

పోయిన నెల కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఆడవాళ్లకు పైసలు లేని జీరో టికెట్లు వచ్చాక బస్సుల్లో వాళ్లదే రాజ్యం, మాటలదీ రాజ్యమే. ఎవరో ఫోన్‌లో ఒక పిల్ల కేసు గురించి వార్త పెట్టారు. కోర్టులో ఆ పిల్లను ఏమేమి అడిగారో అందులో చెబుతున్నారు. నా వెనక సీటామె నిట్టూర్చింది. "అడగరా మరి? గంత పొద్దుగూకినంక దానికి ఆడ ఏం పని ఉండె?"

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు ఆ రోజే లేచానో తెలియదు. అంతకుముందు ఇలాంటి మాటలు వెయ్యిసార్లు విని కిటికీలోంచి చూసినదాన్నే.

"ఏం పనో ఎవరికో ఒకరికి ఎరికే ఉంటదమ్మా," అన్నాను. "ఎరికున్నోళ్లు నోరు మూసుకుంటరు. మా వదినె గిట్లనే పోయింది. ఎందుకు పోయిందని ఊరు అడిగింది, వకీలు అడిగిండు. నేను పొమ్మంటే పోయింది. ఆ దినం వంతు నాది. కోర్టు వరండల నిలవడి, నేను చెప్పలే. మీరు ఆ పిల్లను అడుగుతున్నరు. నన్ను అడగున్రి."

కండక్టరు టికెట్ మిషను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అప్పుడు ముందు సీట్లోంచి ఒక తల వెనక్కి తిరిగింది. మా ఊరామె. ఆ రోజు సాక్ష్యం చెప్పిన ఆమె. జుట్టంతా తెల్లబడింది.

"ఇన్నేండ్లకు చెప్పినవా," అంది. "నేనే చెప్తుంటి. నీ సంసారం ఏమైతదో అని ఊకున్న." తరవాత కొంగుముడి విప్పి చిన్న ఫోన్ తీసింది. ఆమె అక్క కొడుకుది కూడా భీవండిలోనే పని. వదిన నంబరు ఆమె దగ్గర అన్నేళ్లూ ఉంది. నేనెప్పుడూ అడగలేదు.

ఎల్లారెడ్డి బస్టాండులో దిగి బెంచీ మీద కూర్చుని కలిపాను. నాలుగు రింగుల తరవాత ఎత్తారు. వెనక మగ్గాల చప్పుడు.

"వదినె, నేను."

పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది.

"పిల్లా!" అంది. అదే గొంతు. "మంచిగున్నవా? ఏం చేస్తున్నవ్?"

"బళ్లె టీచర్ను వదినె."

"నేనన్లే? గా ఫారం ముట్టజెప్పు, బాగుపడ్తవని!" అని నవ్వింది. నిజంగా సంతోషపడి నవ్వింది. నాకు అక్కడే ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే బస్సులో అన్నదంతా చెప్పాను. అందరి ముందు చెప్పానని, వంతు నాదని చెప్పానని.



"బస్సుల చెప్పినవా," అంది వదిన. "మంచిదే. కానీ ఈయనకు ఎరికలేదు పిల్లా."

"అన్నకా? అన్నకు చెప్పలేదా నువ్వు?"

"ఎవ్వలకు చెప్పకన్నవ్ గదా." తప్పు పట్టినట్టు కాదు, మామూలుగానే అంది. "కోర్టు కాడ ఒక్కపారి అడిగిండు. మల్ల అడగలే. గప్పటి సంది అడగకుంటనే ఉన్నడు. గిదో, పక్కకే ఉన్నడు, ఫోనిస్తున్న. నువ్వే చెప్పు."

ఫోన్ చేతులు మారింది. "ఎవరూ?" అన్నాడు అన్న. ముసలి గొంతు.

"అన్నా, ఆ దినం కార్ఖానాకు పోవాల్సింది నేను," అన్నాను. "నేను కామారెడ్డికి పోయిన. వదినె నా వంతుకు పోయింది."

మగ్గాల చప్పుడు మధ్య, ఫోన్ నోటికి దూరంగా ఆయన గొంతు వినిపించింది.

"నాకు చెప్తే ఏమైతుండెనే?"

ఆ ప్రశ్న వేసింది వదినను. జవాబు చెప్పాల్సింది నేను.