ఆషాఢంలో వచ్చిన తమ్ముడు

ఎనభైల్లో గుంటూరులో ఇంటద్దె ఎలా ఉందో తెలుసుకోవాలంటే ఇంటి ఓనర్లను అడగడం దండగ. మిర్చి యార్డుకు వెళ్ళి అడగాలి. కాయ ధర బాగుంటే రైతు టౌనులో ఇంకో ఇల్లు కట్టేవాడు, టు-లెట్ బోర్డులు పెరిగేవి, మాలాంటివాళ్ళకు కాస్త మర్యాద దొరికేది. ధర పడిపోతే సరుకు అమ్మకుండా దాచుకునేవాడు. కోల్డ్ స్టోరేజీలు నిండిపోయాక దాచుకోవడానికి ఇళ్ళే దిక్కు. అప్పుడిక బస్తాకూ బడిపంతులుకూ పోటీ. బస్తా గోడకు మేకులు కొట్టదు, కరెంటు కాల్చదు, సున్నం వేయించమని అడగదు. ఓనరు వైపు నుంచి ఆలోచిస్తే నాకే బస్తా నయమనిపించేది.

మా ఓనరు తాడికొండ వైపు రైతు. మంచివాడు. అద్దెకు వచ్చినప్పుడల్లా సంచీలో వంకాయలో దోసకాయలో తెచ్చేవాడు. ఆ ఏడు ఆయన కాయ యార్డుకు చేరిన వారంలోనే ధర పడింది. తిరిగి ఊరికి తోలుకుపోవడమెందుకని మా ఇంటి ముందు ఖాళీ స్థలంలో బస్తాలు పేర్పించి, పైన పట్టా కప్పించాడు. "నాలుగు రోజులే మాస్టారూ" అన్నాడు. ఆ నాలుగు రోజులూ వేసవంతా సాగాయి.

మా పాప అప్పుడే బోర్లా పడుతోంది. గాలి ఇటు తిరిగితే చాలు, దగ్గు మొదలయ్యేది. ఛాతీలో పిల్లిపిల్లను దాచుకున్నట్టు గురగుర. "పిల్లలు ముందు అత్త అంటారు, తాత అంటారు. ఇది ముందు హాచ్చి అంది" అనేది మా ఆవిడ. మొదట్లో నవ్వుతూ అనేది. తర్వాత్తర్వాత నవ్వకుండా అనేది. డాక్టరు గారు మందు రాసిచ్చి, "ఇది తాత్కాలికమేనండీ. ఆ ఘాటులో ఉంటే పసిదాని ఊపిరితిత్తులు తట్టుకోవు. ఇల్లు మారండి" అన్నారు. మేం మారేలోపు ఓనరే మారమన్నాడు.

"తొలకరి పడేలోగా ఇల్లు ఖాళీ చెయ్యాల మాస్టారూ. సరుకు లోపల పెట్టుకోకపోతే బూజు పట్టుద్ది."

"అద్దె కొంచెం పెంచుతానండీ" అన్నాను, పెంచడానికి నా దగ్గర గడ్డం తప్ప ఏమీ లేకపోయినా.

"నాక్కావాల్సింది అద్దె కాదండీ. కప్పు" అన్నాడాయన.

కారం తప్ప ఇంకో కారణం లేదు. కోపం తెచ్చుకుందామన్నా వీలు లేకపోయింది.

ఊళ్ళో ఇళ్ళు లేక కాదు. బోర్డు చూసి గేటు తీస్తే ముందు ఉద్యోగం అడిగేవారు. మాస్టారనగానే కుర్చీ వేసేవారు, మంచినీళ్ళిచ్చేవారు. ఆ తర్వాత మెల్లగా "మీరేమిట్లండీ?" అనేవారు. "క్రిస్టియన్సండీ" అనేవాణ్ణి. సరిగ్గా అప్పుడు వాళ్ళకు తమ్ముడు గుర్తొచ్చేవాడు. "అయ్యయ్యో, చెప్పడం మరిచానండీ, మా తమ్ముడు ట్రాన్స్‌ఫర్ మీద వస్తున్నాడు. ఈ వాటా వాడికని అనుకున్నాం." ఆ వేసవిలో గుంటూరుకు ట్రాన్స్‌ఫరైన తమ్ముళ్ళకు లెక్కలేదు. గవర్నమెంటు ఇంకే పనీ చేసి ఉండదు.

అన్నిట్లోకీ బ్రాడీపేటలో ఒక వాటా మా ఆవిడ మనసులో నిలిచిపోయింది. ముందు భాగంలో భర్త పోయిన ఒక పెద్దావిడ ఒక్కతే ఉండేది. వెనక భాగం అద్దెకు. అక్కడ నిలబడి ఊపిరి పీలిస్తే తడిమట్టి వాసన తప్ప ఇంకేం రాలేదు. పాప కూడా అక్కడున్నంతసేపూ దగ్గలేదు. కానీ ఆ పెద్దావిడ తమ్ముడూ ట్రాన్స్‌ఫర్ మీదే ఉన్నాడు.

నా గోడు విని మా స్కూలు తెలుగు మాస్టారు ఓ ఉపాయం చెప్పారు.

"అమావాస్య దాటేదాకా ఓపిక పట్టవయ్యా. తెల్లారితే ఆషాఢం, శూన్యమాసం. మావాళ్ళెవరూ ఇల్లు చేరరు. జ్యేష్ఠంలో ఖాళీ అయిన వాటాలు శ్రావణం దాకా ఈగలు తోలుకుంటూ కూర్చుంటాయి. అప్పుడెళ్ళి అడుగు. ఏ తమ్ముడూ రాడు."

నా జేబుకు పన్నెండు నెలలూ శూన్యమాసమే. ఒక శూన్యం నాక్కలిసి రావడమంటూ ఉంటే ఇదే మొదలు. ఆ మాటే పట్టుకుని ఓనరును అమావాస్య దాకా గడువు అడిగాను.

"మీ అమావాస్య సంగతి మబ్బుకెవరు చెప్పాల మాస్టారూ?" అన్నాడు. మళ్ళీ తనే, "సరే, వాన రాకపోతే ఆగుతా. వస్తే మాత్రం నన్నేం అనుకోవద్దు" అన్నాడు.

అప్పటి నుంచి నాకు ఆకాశమే క్యాలెండరు. ఎండలకు మాడిపోయిన ఊరంతా చినుకు కోసం చూస్తుంటే, వద్దనుకునేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ ఆదివారం చర్చిలో పాస్టరు గారు రైతుల కోసం, వానల కోసం ప్రార్థన చేయించారు. అందరూ ఆమేన్ అన్నారు. నాకు గొంతులోనే ఆగిపోయింది. మా ఆవిడ మోచేత్తో పొడిచింది. "నువ్వన్నావా?" అన్నాను. "నేను పెదాలు మాత్రం కదిపాను" అంది. పాపను పట్టుకుని బయటికొస్తే పడమట ఒక మబ్బు. నా ఆమేన్ కోసం ఆగినట్టు లేదది.

ఆ మబ్బు ఊరించి పోయింది. అమావాస్య గడిచింది. పాడ్యమి సాయంత్రం స్కూలు నుంచి రాగానే ఇంటికి తాళం వేసి, పాపనెత్తుకుని ఇద్దరం బ్రాడీపేట వెళ్ళాం. వాటా ఖాళీగానే ఉంది. పెద్దావిడ వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"తమ్ముడు గారు రాలేదాండీ?" అన్నాను మర్యాదగా.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఆషాఢంలో ఎవరైనా ఇల్లు చేరతారా నాయనా?"

"మాకా పట్టింపు లేదండీ."

"మీకుండకపోవచ్చు. ఇంటికుంటుందిగా" అంది. "అమావాస్యకు ముందే ఓసారి వచ్చి ఆ పొయ్యి మీద గుక్కెడు పాలు పొంగించి పోయినా సరిపోయేది. తర్వాత సామాను ఎప్పుడు తెచ్చుకున్నా దోషం లేదు. ఇల్లు చూపించిన రోజు తమ్ముడని అనేశాను గానీ, తర్వాత ఆలోచించాను. ఈవిడ మొహం చూసి ఇచ్చేద్దామనే అనుకున్నాను. మీరే రాలేదు."

మా ఆవిడ నా వైపు చూడలేదు. చూసుంటే బాగుండేది. మాకు పట్టని నెల కోసం కాచుకుని కూర్చున్నాం గానీ, ఆ నెల పట్టే మనిషి ఇంటికే వెళ్తున్నామన్నది నా తెలివికి తట్టలేదు.

అంతలో వేపచెట్టు ఒక్కసారి అటు ఊగి ఇటు ఊగింది. దుమ్ము లేచింది. దాని వెనకే చినుకులు, రూపాయి బిళ్ళలంత.

రిక్షా ఎక్కాం. "తాళం" అంది మా ఆవిడ. నేనూ అదే అనుకుంటున్నాను. ఓనరు వచ్చి ఉంటాడు. ఇంటి తాళం నా జేబులో ఉంది. ఆయన ఏడాది కష్టమంతా ఒక గోనెపట్టా కింద ఉంది.

వచ్చే ఉన్నాడు. బండీ, ఇద్దరు కూలీలూ గేటు బయట. ఆయన పట్టా ఒక కొస పట్టుకుని, తల మీంచి నీళ్ళు కారుతుంటే బస్తాలకు అడ్డంగా నిలబడ్డాడు. కూలీల్లో ఒకడు గునపం పట్టుకుని గుమ్మం దగ్గరే ఉన్నాడు.

"తాళం పగలగొట్టించుకోవాల్సిందండీ" అన్నాను, తడిసిన తాళంలో చెవి తిప్పుతూ.

"అద్దె ఇచ్చినన్నాళ్ళూ ఇల్లు మీది గదా మాస్టారూ. నా ఇంటికి నేను కన్నం వేసుకున్నా, దొంగతనం మీ ఇంట్లోదే" అన్నాడు.

తలుపు తీశాక అడగడాలూ చెప్పడాలూ లేవు. బస్తా మీద బస్తా. ముందు గది నిండింది, తర్వాత పడకగది, తర్వాత మా మంచం. మా ఆవిడ పాపను పక్కింటి వరండాలో ఉంచి వచ్చి తనూ ఒక చెయ్యి వేసింది. సరుకు చాలావరకు దక్కింది. మూసిన గదుల్లో తడిసిన కాయ ఘాటు మాత్రం మమ్మల్ని ఇంటి బయటికి నెట్టేసింది. పాప దగ్గి దగ్గి నీలం రంగుకు తిరుగుతుంటే ఓనరు ఆ పిల్ల మొహమూ బస్తాల మొహమూ మార్చి మార్చి చూశాడు.

"ఎక్కడ చూశారు ఇల్లు?" అన్నాడు.

"చూశాం గానీ ఇవ్వరండీ. ఆషాఢం."

"మంచం మీది బస్తాలు దింపి, సామాను బండికెత్తండిరా" అన్నాడు కూలీలతో.

వాన వెలిసే వేళకు ఆ బండి బ్రాడీపేటలో పెద్దావిడ గేటు ముందు ఆగింది. మంచం, స్టవ్వు, ట్రంకుపెట్టె, వాటి మీద మేం. ఓనరు దిగి చేతులు కట్టుకున్నాడు.

"తల్లీ, ఆషాఢమని మిరపకాయలకు తెలీదు. వీళ్ళకు చోటు లేకుండా చేసింది నా సరుకు. దోషమేదన్నా ఉంటే నా కాయకు తగల్నీ, వీళ్ళకొద్దు."

పెద్దావిడ వరండా దిగింది. గేటు దగ్గరికి వచ్చి పాప వీపు మీద చెయ్యి వేసింది. గురగుర ఆ చేతికి తెలిసినట్టుంది. చాలాసేపు తియ్యలేదు.

"అద్దెకు దిగితే తప్పు గానీ, చుట్టపుచూపుగా వచ్చిన వాళ్ళకు ఏ మాసమైతే ఏం" అంది చివరికి. "అద్దె సంగతి శ్రావణంలో మాట్లాడుకుందాం. అప్పటిదాకా మీరు మా చుట్టాలు. దింపండి."

దిగాం గానీ గుండె దిగలేదు. చుట్టాన్ని ఖాళీ చేయించడానికి నోటీసు కూడా అక్కర్లేదు. శ్రావణం రాగానే ఊళ్ళో వాళ్ళంతా ఇళ్ళకు బయల్దేరతారు. ఇంతకన్నా ఎక్కువిచ్చేవాళ్ళు, పాలు పొంగించడం తెలిసినవాళ్ళు ఎంతమంది లేరు? మా ఆవిడ ట్రంకుపెట్టె సర్దలేదు. అవసరమైన బట్ట తీసుకుని మళ్ళీ మూత వేసేది. పాప దగ్గు మాత్రం రోజు రోజుకూ తగ్గుతూ వచ్చింది.

ఒక మధ్యాహ్నం ఉయ్యాల ఊపుతూ కిటికీ పక్కన కూర్చున్నాను. గేటు చప్పుడైంది. భార్యాభర్తలు. ఆమె చంకలో పిల్ల. ఆషాఢంలో ఇల్లడగడానికి వచ్చేవాళ్ళెవరో నాకు వేరే చెప్పక్కర్లేదు. ఆయన చొక్కా జేబులోంచి చిన్న బైబిలు అంచు కనిపిస్తోంది. పెద్దావిడ కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. ఏమిట్లని అడగలేదు.

"లేదు నాయనా, వాటా ఖాళీ లేదు" అంది. "మా తమ్ముడు వచ్చాడు, ట్రాన్స్‌ఫర్ మీద."

అతను తలూపాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్న తలో, ఊపడంలోనే తెలిసింది. వెళ్తూ వెళ్తూ ఒకసారి మా కిటికీ వైపు చూశాడు, ఆ తమ్ముడు నిజంగా ఉన్నాడేమోనని.

లోపల మా ఆవిడ ట్రంకుపెట్టె తెరిచి బట్టలు ఒక్కొక్కటే గూట్లో పెట్టుకోవడం మొదలుపెట్టింది.