సవాల్ వాయించిన కాక

మా పాత ఓనరమ్మ ఎప్పుడు ఫోన్ చేసినా ముందు నల్లా నీళ్ల సంగతి అడుగుతుంది. ఈసారి అడగలేదు. "కాక పోయిండు పిల్లా. పొద్దుగాల చాయ్ ఇద్దామని పోతే కుర్సీలనే ఒరిగి ఉన్నడు" అంది. అప్పుడు నేను కాప్రాలో, మా ఇంట్లో ఎవరిదో జాకెట్‌కు కాజాలు కుడుతున్నాను. సూది పక్కన పెట్టి, తలుపుకు తాళం వేసి బస్సెక్కేదాకా ఏడుపు రాలేదు. ఎక్కాక మాత్రం ఆగలేదు.

కాక నాకు చుట్టం కాదు. నాచారంలో మేము చాలా ఏళ్లు అద్దెకున్న ఇంట్లో పక్క పోర్షన్ ఆయనది. మధ్యలో ఒకటే గోడ. పెళ్లై జనగామ వైపు నుంచి వచ్చిన కొత్తలో మా ఆయన మల్లాపూర్‌లో షిఫ్టు డ్యూటీలకు పోతే నాకు ఆ గోడే దిక్కు. అవతల కాక గిన్నె కడిగినా, కుర్చీ జరిపినా ప్రాణం కుదుటపడేది. ఆయన భార్య అంతకు ముందే పోయింది. పిల్లలు లేరు. పంపుల ఫ్యాక్టరీలో రిటైరైన మనిషి. ఆదివారం చర్చి, మిగతా రోజులు ఇల్లు.

ఆయనకంటూ ఉన్నది ఒక బాజా. శాక్సఫోన్ అంటే బరాత్‌లలో మెడకు తగిలించుకుని వాయించే వంకర బాజాయే కదా మనకు తెలిసింది. కాకది మూరెడు పొడవు, కర్రలా తిన్నగా ఉండేది. మొదటిసారి చూసి పిల్లల ఆటవస్తువు అనుకున్నాను.

"దీన్ని సోప్రానినో అంటరు బిడ్డా. శాక్సఫోన్ల ఖాందాన్‌ల పసిపిల్ల" అన్నాడు కాక.

ఓనరమ్మకు ఆ పేరు నోరు తిరగలేదు. "సబ్బు పేరు లెక్క ఉన్నది" అని తేల్చేసింది. ఆ రోజు నుంచి మా గల్లీలో అది సబ్బు బాజా.

సాయంత్రం చాయ్ తాగి, తలుపు కింది సందులో పాత తువ్వాలు కుక్కి వాయించేవాడు. తువ్వాలు కాదు కదా, పరుపు అడ్డం పెట్టినా ఆగే గొంతు కాదు దానిది. సన్నగా, పదునుగా వచ్చి గల్లీ చివర కిరాణా కొట్టు దాకా వినబడేది. వాయించడం అయ్యాక మెత్తటి గుడ్డ లోపలికి లాగి తుడిచేవాడు. "ఎంగిలి లోపట ఉంచితే అలుగుతది" అనేవాడు. తన కంచం అంత శ్రద్ధగా ఎప్పుడైనా కడిగాడో లేదో నాకు అనుమానమే.

ఎప్పుడూ ఒకటే పాట. అది కూడా ముక్కలు ముక్కలుగా. ఒక వరస వాయించి ఆగిపోయేవాడు. చాలాసేపు ఏమీ వినబడేది కాదు. ఇక అయిపోయిందిలే అని నేను మిషన్ తొక్కడం మొదలుపెట్టేసరికి ఇంకో వరస వచ్చేది. మళ్లీ నిశ్శబ్దం.

ఓనరమ్మ దీనికి అర్థం కనిపెట్టింది. "కాకకు దమ్ము ఉన్నది. ఊపిరి సాలక ఆగుతున్నడు" అంది. అందరం నమ్మాం. నేను మిరియాల కషాయం కాచి తీసుకుపోయి ఇచ్చాను. ఎదురింటామె తులసాకు తెచ్చింది. ఎవరేమిచ్చినా కాక కాదనకుండా తాగాడు. చివరికి మృగశిర కార్తె వచ్చింది. ఓనరమ్మ, మా ఆయన, నేను కలిసి ఆయన్ను చేప మందుకు తీసుకుపోయాం. ఎండలో, జనంలో, లైన్‌లో ఇంచు ఇంచు జరిగాం. చిన్న కొర్రమీను పిల్లను నోట్లో పెడితే కాక కళ్లు గట్టిగా మూసుకుని మింగేశాడు. మందు పనిచేయాలంటే వరుసగా మూడేళ్లు మింగాలని అక్కడ చెప్పారు. "వస్త" అన్నాడు బుద్ధిగా.

ఆ వానాకాలంలోనే ఒకరోజు మోటరు చెడిపోయింది. కాక రెండు చేతులా నిండు బకెట్లు పట్టుకుని డాబా మీది ట్యాంకు దాకా ఎక్కాడు. దిగొచ్చి మళ్లీ ఎక్కాడు. ఎక్కడా ఆయాసం లేదు. వెనకాల ఒక్క బకెట్‌తో నేనే రొప్పుతున్నాను.

"చేప మంచిగ పనిజేసింది కాకా" అన్నాను.

"నాకు దమ్ము ఎన్నడుండె బిడ్డా?"

"మరి ఎందుకు మింగినవ్?"

కాక మెట్టు మీద కూర్చున్నాడు. "మీ చిన్నమ్మ పోయినంక నా కోసం ఫికర్ జేసినోళ్లు లేరు. ఇంతమంది ఒక్కపారి జేస్తుంటే వద్దని ఎట్లంట?" అన్నాడు. నవ్వుదామనుకున్నాను, నవ్వు రాలేదు.

అప్పుడు చెప్పాడు పాట సంగతి. వయసులో ఉన్నప్పుడు ఆయన ఉప్పల్‌లో ఒక పెళ్లి బ్యాండ్‌లో క్లారినెట్ వాయించేవాడు. బ్యాండ్ సేటు బొంబాయి నుంచి సామాను తెప్పిస్తే, అడిగింది రాకుండా పొరపాటున ఈ పసిపిల్ల వచ్చింది. మిగతా బాజాలతో దీని శ్రుతి కలవదని ఎవరూ ముట్టలేదు. ఒక్క ఆల్టో శాక్సఫోన్‌తోనే కుదిరింది. రెండింటి మీద వేళ్ల పని ఒకటే. అది కింద పలికితే ఇది పైన పలుకుతుంది. ఆ ఆల్టో వాయించే ఆయనా, కాకా జోడీ కట్టారు. పెళ్లికొడుకు గుర్రం ఫంక్షన్ హాల్ గేటు ముందు ఆగగానే బ్యాండ్ మొత్తం ఆగిపోయేదట. వీళ్లిద్దరే ఎదురెదురుగా నిలబడేవారట.

"నాది సవాల్, ఆడిది జవాబ్" అన్నాడు కాక. "నేను ఆగేది ఊపిరి సాలక గాదు. అవతలోడు వాయించాలె గద. ఊదుడు అందరికొస్తది బిడ్డా, ఆగుడే కష్టం."

తర్వాత డీజే బాక్సులొచ్చాయి, బ్యాండ్ మూతపడింది. ఎవరూ అడగని ఈ బాజాను సేటు కాకకే ఇచ్చేశాడు. జోడీదారు ఘట్‌కేసర్ వెళ్లి ఆటో నడుపుకున్నాడు. ఒకసారి ఆటో బోల్తాపడి ఆయన ముందు పళ్లన్నీ పోయాయి. పళ్లు లేకపోతే శాక్సఫోన్ నోట్లో నిలవదట. కట్టుడు పళ్లతో ప్రయత్నించి, చేతకాక ఆల్టోను అమ్మేసుకున్నాడు. కాక నెలకోసారి పోయి ఆయన్ను చూసొచ్చేవాడు. బాజాను మాత్రం ఎన్నడూ తీసుకుపోలేదు. "ఆని ముందట ఎట్ల వాయిస్త? మనసు నొస్తది" అనేవాడు.

"ఆయన ఏం వాయించేటోడు కాకా? జర పాడి సూపించు" అని అడిగాను. ఆ జవాబు ఏమిటో నాకు వినాలనిపించింది.

కాక నోరు తెరిచాడు. తల ఊపుతూ ఏదో అందుకోబోయాడు. అందక నోరు మూసుకున్నాడు.

"ఎంతసేపు వాయించేటోడో ఎరుకే. ఏం వాయించేటోడో యాదికొస్తలేదు" అన్నాడు. "ఆణ్ణి అడుగుదామంటే నోరు రాదు. దమ్ము సంగతి ఓనరమ్మకు జెప్పకు."

నేను చెప్పలేదు. చెప్పిన మాట ప్రకారం కాక మిగతా రెండేళ్లూ పోయి చేప మింగి వచ్చాడు. గోడ ఇవతల కూర్చుని ఆ నిశ్శబ్దాన్ని నేను వేరేగా వినడం నేర్చుకున్నాను. మిషన్ ఆపేదాన్ని. అవతల ఆయన, ఇవతల నేను, ఇద్దరం వినబడని దాని కోసం కూర్చునేవాళ్లం. అంత ఒంటరితనాన్ని నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన రోజు ఉప్పల్ రోడ్డంతా గులాబీ రంగు. మేము అప్పటికే కాప్రా మారినా, ఓనరమ్మ రమ్మంటే వెళ్లాను. కాక ఇస్త్రీ చొక్కా వేసుకుని బాజా పట్టుకుని గేటు దగ్గరికొచ్చాడు. డప్పులు, డీజే ఆటోలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఆయన తన సవాల్ వాయించాడు. పక్కనే ఉన్న నాకే సరిగా వినబడలేదు. వాయించి ఎప్పటిలాగే ఆగాడు. ఆగినంతసేపు రోడ్డు వైపే చూశాడు. తర్వాత బాజాను తుడిచి, "రా బిడ్డా, ఇంట్ల చాయ్ తాగుదాం" అన్నాడు. బతికుండగా నేను ఆయన్ను చూడటం అదే ఆఖరు.

సమాధుల తోటలో మట్టి వేయడం అయిపోయాక ఒక ముసలాయన దస్తీ నోటికి అడ్డం పెట్టుకుని వచ్చాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాం. ఎవరని అడిగితే దస్తీ తీయకుండానే "జోడీదార్‌ను" అన్నాడు. ఓనరమ్మ కాక ఇంటి నుంచి తెచ్చిన బాజా పెట్టెను ఆయన చేతిలో పెట్టింది.

"ఇది ఇగ నీదే అన్న. ఒక్కపారి వాయించు, ఆయన ఇంటడు" అంది.

ఆయన పెట్టె తెరిచి బాజాను తీశాడు. జాగ్రత్తగా ఒక్కో మీట నొక్కి చూశాడు. నోటి దాకా ఎత్తలేదు. దస్తీ జేబులో పెట్టుకుని, దాన్ని ఛాతీకి ఆనించి పట్టుకుని, రెండు చేతుల వేళ్లూ ఆడించడం మొదలుపెట్టాడు. మీటలు పడుతున్న చిన్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వేళ్లు మాత్రం తడబడకుండా పోతున్నాయి, పైకీ కిందికీ, ఒక మీట మీద నిలిచి, మళ్లీ కదిలి. కాక యాదికి తెచ్చుకోలేనిది మొత్తం అక్కడ, కొత్త మట్టి పక్కన, చప్పుడు లేకుండా జరిగిపోతోంది.

వరస అయిపోయింది. ఆయన వేళ్లు ఆగాయి. ఎత్తిన వేళ్లను అలాగే ఉంచి, మట్టి వైపు చూస్తూ నిలబడ్డాడు.