నేరమంతా కామాదే

సామ్రాజ్యాలు కూలడానికి చరిత్రకారులు కరువులు, కుట్రలు, వారసుల తగాదాలు అంటూ వెయ్యి కారణాలు చెబుతారు. గణితశాఖ కంప్యూటర్ గదిని ఏలే కామా మాస్టారికి మాత్రం లోకంలోని అనర్థాలన్నిటికీ కారణం ఒక్కటే: ఫైల్లో ఉండకూడని చోట ఉన్న కామా.

సమీకరణాలు సాధించిపెట్టే సాఫ్ట్‌వేర్‌లోకి ఎవరు ఏ ఫైలు ఎక్కించాలన్నా ముందు ఆయనకు దాని ‘మొహం’, అంటే మొదటి నాలుగు వరుసలు, చూపించాలి. కోడలి వంట చూసిన అత్తగారిలా ఆయన పెదవి విరిచేవారు.

"ఇది ఫైలా, చిత్తుబుట్టా? కోళ్లకు గింజలు చల్లినట్టు ఈ కామాలేమిటి?"

కరెంటు పోయినా తప్పు కామాదే. లిఫ్టు ఆగినా కామాదే. తన తప్పని ఆయన ఒప్పుకున్న దాఖలా మానవజాతి దగ్గర లేదు.

ఆ శాఖలోని ఒక పరిశోధక విద్యార్థినికి ఈ తతంగమంటే ఒళ్లుమంట. బరువు పెరిగేకొద్దీ వంతెన ఎంత వంగుతుందో యంత్రంతో కొలిచి, ఆ కొలతల నుంచి సూత్రం కట్టడం ఆమె పని. సమీక్ష ఆ ఉదయమే. గట్టెక్కకపోతే ఇన్నేళ్ల చదువుకూ స్వస్తే.

"ఒక్కసారి మొహం చూపించవే తల్లీ," అన్నారు మాస్టారు.

"మీ కామాలకో దండం, మాస్టారూ! నాకు చేతులున్నాయి," అని తనే ఎక్కించేసింది.

తెర మీద సూత్రం వెలిగింది. సమీక్షకు వచ్చిన పరీక్షాధికారి చూసి, చూసి, చల్లగా అడిగాడు.

"ఏమ్మా, లారీ ఎక్కితే నీ వంతెన పైకి లేస్తోందే! ఆ ఫైలు ఎక్కించిన మహానుభావులెవరు?"

ఆమె తెర దగ్గరికి వంగి చూసింది. తెర మూలన ఉండకూడని నిలువు వరుస ఒకటి కనిపించింది. కొలత యంత్రం దశాంశ బిందువు బదులు కామా వేసింది. కామా కనిపిస్తే కొత్త వరుస అనుకునే సాఫ్ట్‌వేర్ పన్నెండున్నరను పన్నెండు, అయిదు అని రెండు ముక్కలుగా నరికింది. చరిత్రలో మొట్టమొదటిసారి, నేరం నిజంగానే కామాది!

వెనక కుర్చీ కిర్రుమంది. ఇక ఈయనకు పట్టపగ్గాలుండవని ఆమె కళ్లు మూసుకుంది.

"నేనేనండీ," అన్నారు కామా మాస్టారు. "కళ్లజోడు ఇంట్లో మర్చిపోయొచ్చా. ఫైలు మొహం సరిగ్గా కనబళ్లేదు."

"కామా తప్పు కాదూ?" అన్నాడు పరీక్షాధికారి. ఆయన కీర్తి అక్కడిదాకా పాకింది మరి.

"పాపం, కామా ఏం చేసిందండీ! మధ్యాహ్నం దాకా టైమివ్వండి, సరిచేసి పెడతాం."

మధ్యాహ్నానికి వంతెన బుద్ధిగా కిందికి వంగింది. పరీక్షాధికారి తలూపి సంతకం పెట్టాడు.

"మాస్టారూ, మీరు..." అని మొదలుపెట్టబోయింది ఆమె.

"మాటలాపు. పనికిమాలిన ఫైలూ నువ్వూనూ! ఇంకెప్పుడైనా మొహం చూపించకుండా ఎక్కించావో, చూడు!"

కామా మాస్టారికి అసలు కళ్లజోడే లేదు.